తార్నాక థెరపీ సెంటర్‌లో ఏడు నెలలు: మా చిన్నోడి గుండీలు, అక్షరాలు, పతంగి

హైదరాబాద్ వారాసిగూడలో నాది చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, జూన్ వస్తే స్కూలు యూనిఫాంలు కుడతాను. రోజుకి ఎన్ని కాజాలు తీస్తానో, ఎన్ని హుక్కులు కుడతానో లెక్క ఉండదు. మా చిన్నోడికి మాత్రం ఎనిమిదేళ్లు వచ్చినా షర్టు గుండీ పెట్టుకోవడం రాలేదు. పొద్దున స్కూలు ఆటో వచ్చి హారన్ కొడుతుంటే నేనే గబగబా గుండీలు పెట్టి, బూట్ల లేసులు కట్టి పంపేదాన్ని.

గుండీ ఒక్కటే కాదు. అన్నం తింటే పళ్లెం చుట్టూ మెతుకులే. బంతి విసిరితే పట్టుకోకుండా రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవాడు. బోర్డు మీద ఉన్నది సగం దించుకునేసరికే టీచర్ చెరిపేసేవారు. నోటితో చెప్పమంటే పదిహేనో ఎక్కం దాకా గడగడా అప్పజెప్తాడు, ఒకసారి విన్న కథని పొల్లుపోకుండా చెప్తాడు. దాంతో స్కూల్లో రెండేళ్ల పాటు ఒకటే మాట: "తెలివి ఉంది, కానీ బద్ధకం." నేనూ నమ్మాను. రాత కోసం రెండు మూడుసార్లు కొట్టాను కూడా. ఆ సంగతి దాచి ఈ రివ్యూ రాయలేను. ఇట్లాంటి పిల్లలున్న ఇంకో తల్లి ఆ తప్పు చేయకూడదనే రాస్తున్నాను.

సెంటర్ పేరు రాయడం లేదు. ఏ సెంటర్‌కి వెళ్లినా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

మేము ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మీరూ నేరుగా థెరపీకి వెళ్లకండి. డాక్టర్ వాణ్ణి నేల మీద కూర్చోబెట్టి లెమ్మన్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు, తర్వాత చెప్పారు. లేచేటప్పుడు పిల్లలు చేతులు మోకాళ్ల మీద, తొడల మీద ఆనించి ఒంటిని పైకి నెట్టుకుంటుంటే కండరాల జబ్బేమోనని చూడాలట. మావాడు మామూలుగానే లేచాడు. కళ్ల పరీక్ష చేయించమన్నారు, చేయించాం, చూపు బాగానే ఉంది. "ఇదివరకు వచ్చిన పని ఏదైనా ఇప్పుడు రాకుండా పోయిందా?" అని రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగారు. వచ్చినవి పోతుంటే అది వేరే సమస్య, ఆలస్యం చేయకూడదట. మావాడికి పోయినవి లేవు, రావడమే ఆలస్యం. అప్పుడు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ కావచ్చని చెప్పారు. పొట్టిగా డీసీడీ అంటారు, కొందరు డిస్‌ప్రాక్సియా అని కూడా అంటారు. బడికి వెళ్లే పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఉంటుందట, మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుందట. నలభై మంది ఉన్న క్లాసు అయితే ఇద్దరన్నమాట. ఆ ఇద్దరికీ బద్ధకస్తులన్న పేరే ఉంటుందేమోనని ఇంటికి వస్తుంటే దారి పొడుగునా మనసు కలుక్కుమంటూనే ఉంది.

దీనికి మందు లేదు, ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే థెరపీ, చేయించమన్నారు. పంపేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పారు: చూసేవాళ్లు బీఓటీ గానీ ఎంఓటీ గానీ చదివిన వాళ్లేనా అని అడగండి, అడగడానికి మొహమాటపడకండి. బీఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లకు పైగా చదువు; ఎంఓటీ దాని పైచదువు. వారం రోజులు ట్రైనింగ్ తీసుకుని బోర్డు పెట్టినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి నేను మొదటి రోజే అడిగాను. థెరపిస్ట్ మేడమ్ ఏమీ అనుకోలేదు, గోడ మీద సర్టిఫికెట్ చూపించారు.

సెంటర్ తార్నాక మెట్రో స్టేషన్ నుంచి నడిస్తే పది నిమిషాలు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మెట్లు దిగడానికే భయపడే పిల్లలు వచ్చే చోటు కదా, కనీసం చేతికి అందేంత కిందుగా పిల్లల కోసం ఇంకో కడ్డీ పెట్టించాల్సింది. పైన గది మాత్రం శుభ్రంగా, గాలి వెలుతురుతో ఉంటుంది.

మొదటి రోజు గంటకు పైగా పరీక్ష చేశారు. ఆ పరీక్షని మూవ్‌మెంట్ ఏబీసీ అంటారు. బోర్డు మీద చిల్లుల్లో చిన్న పుల్లలు గుచ్చడం, చిల్లుల గుండా లేసు ఎక్కించి తీయడం, రెండు గీతల మధ్య పెన్నుతో దారి గీయడం, గింజల సంచి గురి చూసి విసరడం, బంతి పట్టుకోవడం, సన్నటి పలక మీద ఒంటికాలి మీద నిలబడటం, మడమకి వేళ్లు ఆనిస్తూ గీత మీద నడవడం. నేను మూలన కూర్చుని చూస్తున్నాను. లేసు ఎక్కించేటప్పుడు వాడి నాలుక బయటికి వచ్చేసింది, మెడ మీద చెమట పట్టింది. ఇంత కష్టపడుతున్న పిల్లవాణ్ణా మేము బద్ధకస్తుడన్నది అని నాకు అక్కడే ఏడుపొచ్చింది.

ఫలితం 5వ పర్సెంటైల్ అని వచ్చింది. అదే వయసు పిల్లల్ని వంద మందిని వరుసగా నిలబెడితే కింది నుంచి ఐదో చోటు అని మేడమ్ తెలుగులో విడమరిచి చెప్పారు. రిపోర్టు మాత్రం నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషే. నాకు కొంత చదవడం వచ్చు, మా అత్తమ్మకి రాదు, రోజంతా పిల్లాడితో ఉండేది ఆవిడే. ఇంట్లో చేయాల్సినవైనా తెలుగులో ఒక పేజీ ఇవ్వాలి.

ఇక అసలు థెరపీ. నేను అనుకున్నది వేరు. ఊయల ఊపుతారు, రంగు బంతులు ఆడిస్తారు, చేతులకి కసరత్తు చేయిస్తారు అనుకున్నా. మేడమ్ ముందు వాణ్ణి కూర్చోబెట్టుకుని, "నీకు ఏ పనులు రావాలని ఉంది? మూడు చెప్పు కన్నా" అన్నారు. నేను మధ్యలో "రాత మేడమ్" అన్నాను. "మీది నాలుగోది పెట్టుకుందాం అమ్మా, ముందు వాడివి" అన్నారు. వాడు ఆలోచించి చెప్పాడు. ఒకటి, నా గుండీలు నేనే పెట్టుకోవాలి. రెండు, పీఈటీ పీరియడ్‌లో బంతి పట్టాలి. మూడు, సంక్రాంతికి పతంగికి దారం నేనే కట్టాలి. గుండీల గురించి వాడికి అంత బాధ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. స్విమ్మింగ్ పీరియడ్ తర్వాత పిల్లలు నవ్వారట.

వీళ్ల పద్ధతి నాలుగు మాటల్లో ఉంటుంది: లక్ష్యం, ప్లాన్, చెయ్యి, చూసుకో. కెనడాలో మొదలైన పద్ధతి అట. ఎట్లా చేయాలో మనం చెప్పకూడదు, పిల్లాడే కనిపెట్టేలా అడగాలి. చేశాక పని అయిందా లేదా, ఎక్కడ ఆగింది అని వాడే చెప్పాలి. రావాల్సిన పనినే నేరుగా నేర్పాలి గానీ చేతికి బలం వస్తే పనులు వాటంతటవే వస్తాయని ఎదురుచూడకూడదు అని 2019లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కూడా ఉందని మేడమ్ చెప్పారు.

గుండీ ఎట్లా వచ్చిందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పద్ధతి అంతా అందులోనే ఉంది.

రెండో వారం మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, వాడి షర్టే నా ముందు పెట్టి, మెల్లగా ఒక గుండీ పెట్టమన్నారు. నేను పెట్టాను. "ఇంకా మెల్లగా" అన్నారు. నా చేతులు ఆ పని చూడకుండా చేసేస్తాయి, మెల్లగా చేయాలంటే నాకే తడబాటు వచ్చింది. వాణ్ణి అడిగారు: "అమ్మ ఎడమ చెయ్యి ఏం చేస్తోంది?" వాడు చాలాసేపు చూశాడు. ఇంతకాలం కుడి చేతినే చూసి ఉంటాడు. తర్వాత అన్నాడు, "కాజా నోరు తెరుస్తోంది." నిజమే. ఎడమ బొటనవేలు, చూపుడువేలు బట్టని రెండు పక్కలకీ కొంచెం లాగి పట్టుకుంటే కాజా తెరుచుకుంటుంది. "కుడి చెయ్యి?" "గుండీని నిలబెట్టి తోస్తోంది." గుండీని బల్లపరుపుగా తోస్తే దూరదు, అంచు మీద నిలబెట్టి తోయాలి. "తర్వాత?" "ఎడమ చెయ్యి అవతలి నుంచి లాగుతోంది." వాడే మూడు మాటలు పేరుగా పెట్టుకున్నాడు: నోరు తెరువు, నిలబెట్టు, లాగు.

ఇన్నేళ్లుగా వాడు ఎడమ చేతిని ఊరికే వదిలేసి, కుడి చేత్తో గుండీని బట్టలోకి పొడుస్తున్నాడు. బట్ట వెనక్కి పోతోంది. నేను వాడి ముందు కూర్చుని "ఇట్లా, ఇట్లా" అంటూ చూపించేదాన్ని. ఎదురుగా చూపిస్తే కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి, వెనక నిలబడి వాడి చేతుల మీదుగా చూపించాలి అని మేడమ్ చెప్పారు. ఎంతో మందికి కుట్టు నేర్పిన నాకు ఈ చిన్న కిటుకు తట్టలేదు.

ఇంటికి వచ్చి మిగిలిన కోటు బట్టతో ఒక పట్టీ కుట్టాను. పైన పెద్ద కోటు గుండీలు, వాటికి వదులు కాజాలు. దాని కింద కుర్తా గుండీలు. అన్నిటికన్నా కింద యూనిఫాం షర్టు గుండీలు, కాజా సరిగ్గా గుండీ పట్టేంతే. గట్టి బట్ట కావడం వల్ల చేతిలో నిలిచింది. రోజూ షాపులో నా మిషన్ పక్కన కూర్చుని పది నిమిషాలు. నాలుగు వారాలకి కింది వరుసకి వచ్చాడు. తర్వాత ఒంటి మీద షర్టు, కింది గుండీల నుంచి పైకి, ఎందుకంటే కిందివి కంటికి కనిపిస్తాయి. మెడ దగ్గర గుండీ అన్నిటికన్నా ఆఖరుకి వచ్చింది, అది చూడకుండా పెట్టాలి కదా. ఆ రోజు దసరా సెలవులయ్యాక మొదటి స్కూలు రోజు. పదకొండు నిమిషాలు పట్టింది. నేను ముట్టుకోలేదు. ఆటో ఆయన్ని ఆగమని బతిమాలాను.

పట్టీ చూసి మేడమ్ తనకీ ఒకటి కుట్టివ్వమన్నారు. మూడు కుట్టిచ్చాను, డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

రాత దగ్గర నాకు అసంతృప్తి ఉంది. సెంటర్‌లో రాత షీట్లన్నీ ఇంగ్లీషు అక్షరాలవే. మన పిల్లలు మూడు లిపులు రాయాలి. ఇంగ్లీషు అక్షరాలు నాలుగు గీతల మధ్య కూర్చుంటాయి. హిందీ అక్షరాలు పై గీతకి వేలాడతాయి. తెలుగు అక్షరాలు గుండ్రం, పైన తలకట్టో గుడో, కింద ఒత్తు. చేతిని అదుపు చేసుకోలేని పిల్లాడికి గుండ్రం తిప్పడమే కష్టం, ఆ పైన కిందికి దిగి ఒత్తు రాసి మళ్లీ పైకి రావాలి. మావాడు ఒత్తులన్నీ పక్కనే రాసేవాడు, "అక్క" అని రాస్తే మూడు అక్షరాల మాటలా ఉండేది. ఈ సంగతి మేడమ్‌కి చెప్పాను. "మీరన్నది నిజం అమ్మా, తెలుగు రాతకి నా దగ్గర ఏమీ లేదు, మనిద్దరం కలిసి చేద్దాం" అన్నారు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది. అయినా తార్నాకలో ఉన్న సెంటర్‌లో తెలుగు షీట్లు లేకపోవడం లోటే.

నేను కటింగ్‌కి వాడే ఖాకీ కాగితం మీద టైలర్ చాక్‌తో అడ్డంగా మూడు పట్టీలు గీశాను. పైది తలకట్టుకి, గుడికి. మధ్యది అక్షరానికి. కిందిది ఒత్తుకి. ముందు వేలితో, తర్వాత చాక్‌తో, తర్వాత పెన్సిల్‌తో. పట్టీలు నెలనెలా సన్నం చేస్తూ వచ్చాం. పెన్సిల్ పట్టుకునే తీరు మారుస్తారనుకున్నా, మార్చలేదు. వాడు మూడు వేళ్లతో కాక నాలుగు వేళ్లతో పట్టుకుంటాడు. వేళ్లు నొప్పి పుట్టకుండా, పెన్సిల్ కదులుతూ ఉంటే నాలుగు వేళ్ల పట్టు తప్పేం కాదట. కూర్చునే తీరు మాత్రం మార్పించారు. మంచం మీద బోర్లా పడుకుని రాసేవాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, పాదాలు గాల్లో వేలాడకుండా మా అత్తమ్మ పీట మీద ఆనించి రాస్తాడు. ఒళ్లు కుదురుగా ఉంటేనే చెయ్యి కుదురుగా ఉంటుంది. మిషన్ మీద కూర్చునేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

స్కూలుకి ఒక లెటర్ ఇచ్చారు, అది డబ్బులకు మించిన సాయం. బోర్డు మీది పాఠం మొత్తం దించుకోమనకండి, అచ్చు కాగితం ఇవ్వండి, లెక్కలు సగం రాయించి సగం నోటితో అడగండి, రాత చూసి మార్కులు తగ్గించకండి అని. క్లాస్ టీచర్ చదివి, "ముందే తెలిస్తే బాగుండేది" అన్నారు. అప్పటి నుంచి వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెడుతున్నారు.

నచ్చనివి మిగిలినవి కూడా చెప్తాను. సెషన్ 45 నిమిషాలు అంటారు, ముందు పిల్లాడి సెషన్ ఆలస్యమైతే మనకి 35 నిమిషాలే మిగులుతాయి, ఫీజు మాత్రం మొత్తం. మూడోసారి ఇట్లా అయినప్పుడు అడిగాను, ఆ తర్వాత సరిచేశారు. నాలుగో నెలలో మేడమ్ సెలవు మీద వెళ్తే ఇంకొకరు వచ్చారు. ఆ అమ్మాయి మంచిదే కానీ మావాడి ఫైల్ చదవకుండా మళ్లీ మొదటి నుంచి పూసలు గుచ్చించింది, మూడు వారాలు వృథా. ఇంకోటి, రిసెప్షన్‌లో ఊయల, బ్రష్‌తో ఒళ్లు రుద్దడం కలిపిన ప్యాకేజీ తీసుకోమని పదే పదే చెప్పారు, నెలకి ఇంకో 4,000. మేడమ్‌ని అడిగితే "మీవాడికి అక్కర్లేదు" అని తేల్చి చెప్పారు. రిసెప్షన్‌లో ఏది చెప్పినా చూసే థెరపిస్ట్‌ని అడగకుండా డబ్బు కట్టకండి.

ఫీజు సంగతి. మొదటి పరీక్షకి 1,500. సెషన్‌కి 700, వారానికి రెండు, అంటే నెలకి 5,600. నా లెక్కలో అది పన్నెండు లైనింగ్ జాకెట్ల కుట్టుకూలి. పండగ నెలల్లో తెలియలేదు, ఆషాఢంలో కష్టమైంది. ఇంత పెట్టలేనివాళ్లు ఊరుకోకండి. ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, 2013 నుంచి ఉంది, అందులో ఎదుగుదల ఆలస్యాలు కూడా చూస్తారు. బడికి డాక్టర్లు వచ్చినప్పుడు మీరు కూడా వెళ్లి చెప్పండి, పిల్లలు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఏడు నెలల తర్వాత మళ్లీ అదే పరీక్ష చేశారు. 5 నుంచి 9వ పర్సెంటైల్‌కి వచ్చింది. అంతేనా అని నా ముఖం చిన్నబోయింది. మేడమ్ దాచలేదు: ఇది చాలామందిలో పెద్దయ్యాక కూడా కొంత ఉంటుంది, కొత్త పని ఏదైనా మీవాడికి మిగతావాళ్ల కన్నా ఆలస్యంగానే వస్తుంది, కానీ ఎట్లా నేర్చుకోవాలో ఇప్పుడు వాడికి తెలుసు. ఆ మాట నిజమని నేను ఇంట్లో చూశాను. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూల కాడలు సమంగా కత్తిరించడం ఎవరూ చెప్పకుండానే "ఎడమ చెయ్యి ఏం చేయాలి నానమ్మా?" అని అడిగి మొదలుపెట్టాడు. వంకరటింకరగా వచ్చాయి, అయినా మూడో వరుస మొత్తం వాడు కత్తిరించిన పూలే.

బంతి ఇంకా పూర్తిగా రాలేదు. పెద్ద బంతి దగ్గరి నుంచి వేస్తే పడతాడు, టెన్నిస్ బంతి పట్టలేడు.

పతంగి వచ్చింది. ధూల్‌పేట పతంగి, నా షాపులోని మామూలు నూలు దారం, మాంజా వద్దన్నాను. మేడ మీద పుల్లలు రెండూ కలిసే చోట కాగితానికి చిల్లులు పొడిచి, దారం దూర్చి ముడి వేయబోయాడు. రెండు పతంగులు చిరిగిపోయాయి. మూడోదానికి ఆగి, తనలో తను ఏదో గొణుక్కుని, పతంగిని వాళ్ల నాన్న చేతికిచ్చి, "నువ్వు ఎడమ చెయ్యి నాన్నా, కదలకుండా పట్టుకో" అన్నాడు. ముడి పడింది. పక్క మేడ వాళ్ల నీళ్ల ట్యాంకు ఎత్తు దాకా లేచింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. మేడమ్‌కి ఐదు. వెళ్లేవాళ్లు సాయంత్రం నాలుగు గంటల సెషన్ అడగండి, అప్పటికి ఆలస్యాలు తక్కువ, శని ఆదివారాలు దొరకడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరు పిల్లాడితో ఎక్కువసేపు ఉంటారో వాళ్లని ఒక్కసారైనా లోపలికి పంపమని అడగండి. నేను అత్తమ్మని ఐదో నెలలో గానీ తీసుకెళ్లలేదు, మొదటి నెలలోనే తీసుకెళ్లాల్సింది.

ఇప్పుడు నెలకి రెండుసార్లే వెళ్తున్నాం. పోయిన శనివారం మేడమ్ కొత్త లక్ష్యం కాగితం మీద రాసివ్వమన్నారు. గుడి కొంచెం ఎడంగా పడింది కానీ అక్షరాలు మధ్య పట్టీలోనే ఉన్నాయి: సైకిల్.